గోడ మీద బొమ్మ పడటానికి పదిహేను రోజులు

మల్కాజిగిరిలో మేముండే అద్దె ఇంట్లో పాత టీవీ ఏప్రిల్ నెలాఖరున చచ్చిపోయింది. మంచి టీవీ ఒకటి కొనేయండి అని మా ఆవిడ అంటే నేను వినలేదు. వేసవి సెలవులకు అక్కావాళ్లు వస్తున్నారు, పిల్లలకు ఇంట్లోనే థియేటర్ చూపిద్దాం అని ఆన్‌లైన్‌లో ప్రొజెక్టర్ తెప్పించాను.

డబ్బా మీద 12,000 లూమెన్స్ అని అరచేతంత అక్షరాలు. లోపలి పుస్తకంలో చీమంత అక్షరాల్లో 250 ఆన్సీ లూమెన్స్. తెరను తొమ్మిది గళ్లు చేసి, ఒక్కో గడిలో వెలుగు కొలిచి, సగటు తీసి, తెర వైశాల్యంతో గుణిస్తే వచ్చేది ఆన్సీ లెక్క. మనం చూసుకోవాల్సింది అదే. డబ్బా మీది అంకె ఎలా వచ్చిందో ఆ డబ్బా వేసినవాడికే తెలియాలి. '4కే సపోర్ట్' అన్నది కూడా అంతే: 4కే వీడియో ఇస్తే తీసుకుంటుంది, గోడ మీద మాత్రం అంతకంటే తక్కువ స్పష్టతున్న తన 1080పీలోనే వేస్తుంది. ఇవన్నీ కొన్నాక చదివాను లెండి.

మొదటి రాత్రి ఫోన్‌ను దానికి మిర్రర్ చేసి యూట్యూబ్‌లో పాత క్రికెట్ మ్యాచ్ పెట్టాను. గోడ నిండా గ్రౌండ్! కాలర్ ఎగరేశాను. ఆ ఊపులో ఓటీటీ యాప్ తెరిచి సినిమా పెడితే గోడంతా నలుపు. పాటలు వస్తున్నాయి, మాటలు వస్తున్నాయి, బొమ్మ లేదు. కింద తెలుగు సబ్‌టైటిల్స్ మాత్రం శుభ్రంగా పడుతున్నాయి. అమ్మ కాసేపు విని, "రేడియోలో సంక్షిప్త శబ్దచిత్రంలా ఉందిరా, బాగానే ఉంది" అంది. వెక్కిరింపో మెచ్చుకోలో ఇప్పటికీ తేలలేదు.

వైర్ మార్చాలా, ప్రొజెక్టర్ పాడైందా అని ఒకటే టెన్షన్. పాడవ్వలేదు. ఓటీటీ సినిమాలను ఎవరూ కాపీ కొట్టకుండా తాళం వేసి పంపుతారు. ఫోన్ తెరను ఇంకో చోటికి మళ్లిస్తుంటే, అక్కడ రికార్డు చేస్తారేమోనని యాప్ బొమ్మను ఆపేస్తుంది. యూట్యూబ్‌లో మామూలు వీడియోకు ఆ తాళం ఉండదు కాబట్టి అది ఆడింది.

సరే, ప్రొజెక్టర్‌లో ఆండ్రాయిడ్ ఉంది కదా, యాప్‌ను అందులోనే వేద్దాం అనుకున్నాను. స్టోర్‌లో దొరకలేదు. పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఎక్కించాను. తెరుచుకుంది, బొమ్మ కూడా వచ్చింది, కానీ ఆవిరి పట్టిన అద్దంలోంచి చూసినట్టు! హీరోయిన్ ఎవరో గొంతును బట్టి గుర్తుపట్టాం. నేను తప్పంతా నెట్‌దే అని కంప్లైంట్ ఇచ్చాను. పాపం, నెట్ కుర్రాడు ఎండలో వచ్చి స్పీడ్ టెస్ట్ చేసి చూపించాడు, 90 ఎంబీపీఎస్. 1080పీ సినిమాకు ఐదారు ఉంటే చాలు. మజ్జిగ ఇచ్చి పంపించాం.

అసలు సంగతి మా బావ పట్టుకున్నాడు. డీఆర్ఎమ్ ఇన్ఫో అనే చిన్న యాప్ వేసి చూస్తే 'వైడ్‌వైన్ ఎల్3' అని కనబడింది. వైడ్‌వైన్ అంటే ఆ సినిమా తాళం పేరు, ఎల్ పక్కన అంకె దాని భద్రత స్థాయి. ఎల్1 అయితే తాళం తీసే పని చిప్ లోపలి భద్రమైన చోట జరుగుతుంది. ఎల్3లో ఆ పని మామూలు సాఫ్ట్‌వేర్ చేస్తుంది. దాన్ని అంతగా నమ్మరు కాబట్టి చాలా ఓటీటీలు దానికి తక్కువ స్పష్టతున్న ఎస్‌డీ బొమ్మే ఇస్తాయి. నువ్వు ఎంత ఖరీదైన ప్లాన్ కట్టినా అంతే. "నీ ప్రొజెక్టర్‌కు నేల టికెట్టే ఇచ్చారు బావమరిదీ" అన్నాడు.

దాంతో ఓటీటీ యాప్‌లు ఆడించే, ఎల్1 ఉన్న స్ట్రీమింగ్ స్టిక్ కొని హెచ్‌డీఎంఐలో పెట్టాం. లోగో వస్తుంది, ఆరిపోతుంది, మళ్లీ లోగో. దానికి ప్రొజెక్టర్ యూఎస్‌బీ నుంచే కరెంటు ఇచ్చాను, అదీ నా తెలివి. దాంతో వచ్చిన అడాప్టర్‌ను గోడ ప్లగ్గులో పెట్టగానే కుదుటపడింది. మధ్యలో, ఒక వైరును రెండుగా చీల్చే పాత స్ప్లిటర్ ఒకటి తగిలించి ఇంకో పూట పోగొట్టుకున్నాను. తాళం వేసిన సినిమా ఆడాలంటే హెచ్‌డీఎంఐ వైరుకు ఇటూ అటూ ఉన్న పరికరాలు ముందు ఒకదాన్నొకటి గుర్తుపట్టాలి. దీన్నే హెచ్‌డీసీపీ అంటారు, ఇంటెల్ వాళ్లు చేసింది. మధ్యలో దూరినదానికి అది తెలియకపోతే మళ్లీ నలుపే. స్ప్లిటర్ పీకేశాక సినిమా వచ్చింది. నిజంగా వచ్చింది, గడ్డం వెంట్రుకలు లెక్కపెట్టేంత స్పష్టంగా.

ఇక సౌండ్. బ్లూటూత్ స్పీకర్ పెడితే పెదాలు ముందు, మాట వెనక. తెలుగు సినిమాను తెలుగులోకే డబ్బింగ్ చేసినట్టుంది. కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి పొడవాటి ఆక్స్ వైర్ తెచ్చాను, అంతటితో ఆ గొడవ వదిలింది.

గోడ గొడవ మాత్రం వదల్లేదు. మాది మీగడ రంగు గోడ. సినిమాలో అందరూ పచ్చకామెర్లు వచ్చినట్టే ఉన్నారు. నాన్న పట్టుపంచె తెల్లగా ఉంటుందని దాన్ని కట్టాం. సగం వెలుగు బట్టలోంచి అవతలికి పోయింది, మిగతా సగంలో విలన్ మెడకు అడ్డంగా జరీ అంచు. చివరికి ఓనర్ ఆంటీని బతిమాలి, ఏడుంబావు అడుగుల వెడల్పు, నాలుగు అడుగుల పైచిలుకు ఎత్తు గీసి, అంతవరకే మెరుపు లేని తెల్ల రంగు వేశాను. అంటే మూలకు మూల 100 అంగుళాలు. పిల్లలు 120 చేయమన్నారు. చేస్తే వైశాల్యం 44 శాతం పెరుగుతుంది, ఉన్న వెలుగే అంత మేరా పరుచుకోవాలి, బొమ్మ వెలిసిపోతుంది. ఒప్పుకోలేదు.

మా ప్రొజెక్టర్‌కు 100 అంగుళాలు రావాలంటే తొమ్మిదిన్నర అడుగుల దూరం కావాలి. అటక మీద పెడితే ఆ దారిలో సరిగ్గా సీలింగ్ ఫ్యాన్. రెక్క అడ్డం వచ్చినప్పుడల్లా హీరో మొహం టపటపా కొట్టుకుంటుంది. కిందికి దించి పక్కకు పెట్టి కీస్టోన్‌తో వంకర సరిచేయొచ్చు కానీ, బొమ్మను నొక్కి చిన్నది చేస్తుంది కాబట్టి కాస్త మసక వస్తుంది. అందుకే గోడకు ఎదురుగా స్టూల్ వేసి, దాని మీద రెండు టెలిఫోన్ డైరెక్టరీలు పేర్చి, ప్రొజెక్టర్‌ను తిన్నగా పెట్టాను. ఆ డైరెక్టరీలు దాచినందుకు అమ్మను ఎన్నిసార్లు విసుక్కున్నానో.

అక్కావాళ్లు ఉన్న ఆఖరి శనివారం అందరం చాపలు వేసుకుని కూర్చున్నాం. ఇంటర్వెల్ ముందు ఫైటు, హీరో చెయ్యి ఎత్తాడు. ట్యూబ్‌లైట్ వెనకనుంచి బల్లి ఒకటి దిగి, తాపీగా అతని మొహం మీదుగా నడిచి కుడి భుజం దగ్గర ఆగింది. పిల్లలు ఒకటే కేకలు. అమ్మ సినిమా ఆపించి, లైటు వేయించి, పంచాంగంలో బల్లిపాటు పేజీ తీసింది. "తెలుగు సినిమాలో మగాడే కదా, మగవాళ్ల వరుసే చూడనా?"