పరీక్ష సీసాలో గులాబీ రంగు

నల్గొండ జిల్లాలో పుట్టినవాళ్లకు నీళ్లంటే ముందు గుర్తొచ్చేది ఫ్లోరైడే. మా ఊరి చేతిపంపు నీళ్లు అద్దంలా తేటగా ఉండేవి, నా తోటి పిల్లల పళ్లపై మాత్రం గోధుమరంగు గార ఉండేది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి రూపొందించిందని, దానికి మా జిల్లా పేరే పెట్టారని తెలిసినప్పుడు పుట్టిన ఆసక్తే నన్ను రసాయనశాస్త్రం చదివించి, శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలోని ఒక నీటి పరీక్షల ప్రయోగశాల దాకా తీసుకొచ్చింది.

ఇక్కడ నా రోజువారీ పని, నగరంలో వేర్వేరు చోట్ల పట్టి తెచ్చిన నల్లా నీటిలో క్రిమిసంహారక మందు ఎంత మిగిలి ఉందో చూడటం. చిన్న గాజుసీసాలో పది మిల్లీలీటర్ల నీళ్లు పోసి డీపీడీ అనే రసాయన పొడి కలిపితే, కాసేపటికి నీరు గులాబీ రంగుకు తిరుగుతుంది. రంగు ఎంత చిక్కబడితే మందు అంత మిగిలిందన్నమాట.

మా పక్కింటాయన ఇంట్లోనే బీరు కాచుకుంటారు. 1978 నాటి చట్టం తర్వాత సొంత వాడకం కోసమైతే దానిపై ఇక్కడ ఫెడరల్ పన్ను లేదు. ఒక సాయంత్రం ఆయన తెచ్చిన సీసా మూత తీయగానే, ఆస్పత్రిలో కట్టు విప్పినప్పటి మందు వాసన గుప్పుమంది. తప్పు ఈస్ట్‌దేననుకుని ఆయన అప్పటికే రెండుసార్లు దాన్ని మార్చారట. నీళ్లను ఏం చేస్తారని అడిగితే, క్లోరిన్ పోవడానికి రాత్రంతా మూత తీసి ఉంచుతానన్నారు.

క్లోరిన్‌కు అది సరిపోతుంది. కానీ ఈ నగరం 2004లోనే క్లోరమిన్‌కు మారింది. క్లోరిన్‌కు అమ్మోనియా కలిపి చేసే క్లోరమిన్ గొట్టాల్లో చాలా దూరం నిలబడుతుంది, అందుకే వాడతారు. నిలబడే ఆ గుణం వల్లే అది రాత్రికి రాత్రే ఆవిరైపోదు, మరిగించినా త్వరగా వదలదు. పైగా నీటిని మరిగించే లోపే మాల్ట్‌లోని, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీలోని, ఫినాళ్లనే పదార్థాలతో కలిసి ఆ మందు వాసన వేసే క్లోరోఫినాళ్లను పుట్టిస్తుంది, అవి లీటరుకు కొన్ని మైక్రోగ్రాములున్నా నాలుకకు తెలిసిపోతాయి. తాగే నీటిలో క్లోరమిన్ లీటరుకు 4 మిల్లీగ్రాములు మించకూడదన్నది ఈ దేశపు పరిమితి. ఆ లోపు ఉన్న నీరు మనిషికి క్షేమమే, బీరు రుచికి మాత్రం కాదు. చేపల తొట్టెలు పెట్టుకునేవారికీ, డయాలిసిస్ కేంద్రాలకూ నీటి సంస్థలు ప్రత్యేకంగా హెచ్చరికలు ఇచ్చేది కూడా ఈ క్లోరమిన్ గురించే.

మా ఊరి తాటికల్లుకు చెట్టు నీరే చాలు. బీరులో తొంభై శాతానికి పైగా మనం పోసే నీరే కాబట్టి, ఆ నీటి సంగతి ముందే చూసుకోవడం నాకు న్యాయంగా తోస్తుంది.

మర్నాడు ఆయన వంటగదిలో రెండు సీసాలు పెట్టాను. మొదటి దాంట్లో నల్లా నీరు, డీపీడీ పొడి పడగానే గులాబీ రంగెక్కింది. రెండో దాంట్లో, పొటాషియం మెటాబైసల్ఫైట్‌తో చేసిన క్యాంప్‌డెన్ మాత్ర పావుముక్కను నలగ్గొట్టి కలిపిన పందొమ్మిది లీటర్ల తొట్టెలోంచి ముంచిన నీరు. అది ఎంతసేపు చూసినా రంగు మారకుండా తేటగానే ఉంది. దాదాపు 75 లీటర్లలోని క్లోరమిన్‌ను తీసేయడానికి ఒక్క మాత్ర చాలు, పని నిమిషాల్లో జరిగిపోతుంది. మిగిలే కొద్దిపాటి క్లోరైడు, సల్ఫేటు, అమ్మోనియం వల్ల హాని లేదు, ఆ అమ్మోనియం ఈస్ట్‌కు ఆహారం కూడా. ఇందుకోసం బాటిల్ నీళ్లు కొనడం నాకు దండగ ఖర్చనిపిస్తుంది.

ఆ తర్వాత ఆయన కాచిన బీరులో మందు వాసన లేదు, కానీ చేదు మొద్దుగా ఉందని ఆయనే చెప్పారు. ఈ నీరు ఎక్కువ భాగం యోసెమిటీ కొండల్లోని హెచ్ హెచీ జలాశయం నుంచి వచ్చే మంచు కరిగిన నీరు, చాలా మెత్తనిది, కాల్షియం తక్కువ. లీటరుకు యాభై మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటే మంచిదని చెప్పాను. గత వారం ఆయన నీటికి కాల్షియం చేర్చే జిప్సం పొడిని కొలవడానికి గ్రాముల తూకం కొన్నారు.