తిరువళ్ళూరు వైద్య వీరరాఘవుని సన్నిధిలో

ఎనిమిది నెలల క్రితం రక్తపోటు మితిమీరి నా మెదడులో ఎడమవైపు రక్తస్రావం జరిగినప్పుడు కుడి కాలూ చెయ్యీ చచ్చుబడి, మాట పడిపోయింది. ఆసుపత్రి వరండాలోనే మా ఆవిడ తిరువళ్ళూరు వైద్య వీరరాఘవస్వామికి మొక్కుకుందట. అమావాస్య నాటి రద్దీని చేతికర్రతో తట్టుకోలేనని, ఒక మామూలు రోజు ఉదయం చెన్నై పెరంబూరులో లోకల్ రైలెక్కాము.

స్టేషను మెట్ల దగ్గర ఫిజియోథెరపిస్టు నేర్పిన పాఠమే పనికివచ్చింది: ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు బలహీనమైన కాలు ముందు. ఎడమచేతికి కమ్మీ అందే వైపు వెతుక్కుంటూ నేను ఒక్కొక్క మెట్టే దిగుతుంటే, వెనకున్నవారు విసుక్కోకుండా పక్కనుంచి సాగిపోయారు.

హృత్తాపనాశిని కోనేటిలో బెల్లం వేసి, ఉప్పు, మిరియాలు సమర్పించాము. డాక్టరు నా కంచంలోంచి తీసేయించిన ఉప్పును స్వామికి అప్పగించడం సబబేననిపించింది. గర్భాలయంలో శయనించిన స్వామి చెయ్యి శాలిహోత్ర మహర్షి తలపై ఉంటుంది. నా చూపు చాలాసేపు ఆ చేతిమీదే నిలిచిపోయింది.

అప్రయత్నంగా సహస్రనామ శ్లోకాలు నోట వచ్చాయి. జబ్బుపడిన రెండో వారంలోనూ, మంచినీళ్ళు అడగలేని ఈ నోటే శ్లోకాలు తడబడకుండా చెబితే, ఇంట్లోవారు మాట వచ్చేసిందని సంబరపడ్డారు. కంఠస్థమైనవి, అంకెలు, వారాల పేర్లు గొలుసులా వాటంతటవే వస్తాయనీ, కావలసిన మాటను వెతికి పట్టుకోవడం వేరే పని అనీ, తొందరపడి మాట అందించవద్దనీ స్పీచ్ థెరపిస్టు అప్పుడు వివరించారు. మొదటి మూడు నెలల్లో వేగంగా సాగిన మెరుగుదల తరువాత మందగించినా, ఆ సాధన మాత్రం మేము మానలేదు.

అర్చకస్వామి పేరు, గోత్రం అడిగారు. గోత్రం వెంటనే చెప్పాను. పేరు దగ్గర ఆగిపోయాను. మా ఆవిడ పెదవి బిగబట్టి నేలచూపు చూస్తూ నిలబడింది. అర్చకులు పళ్ళెం పట్టుకుని ఓపికగా ఆగారు. మొదటి అక్షరం దొరికాక మిగిలినది వచ్చింది.

తిరుగు ప్రయాణంలో టికెట్లు నేనే తీసుకుంటానన్నాను. కౌంటరు ముందు "పెరంబూరు" సులువుగానే పలికింది కాని అంకె రాలేదు. లోలోపల "ఒకటి" అనుకున్నాను. ఆ వెనకే "రెండు" బయటికి వచ్చింది. తమిళంలోనూ దాదాపు అదే మాట కనుక, ఆయన మారు మాట్లాడకుండా రెండు టికెట్లు ఇచ్చాడు.