బాపు ఫొటో పట్టుకుని దోహాలో 13 గంటలు

మాంచెస్టర్‌లో ఉన్న తమ్ముడి దగ్గరికి అమ్మను తీసుకెళ్లాలని టికెట్లు చూస్తుంటే, దోహాలో రెండు గంటలే ఆగే ప్రయాణం ఒకటి, 13 గంటలు ఆగాల్సినది ఒకటి కనిపించాయి. నేను రెండోదే తీసుకున్నాను. తమ్ముడు ఫోన్‌లో కోప్పడ్డాడు. "అమ్మకు అరవై ఆరేళ్లు. అంతసేపు కుర్చీలో ఎట్లా కూర్చుంటది అక్కా?" అన్నాడు. కూర్చోబెట్టడానికి కాదురా, ఊరు చూపిద్దామని అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు వాడు. తర్వాత "మంచిది" అన్నాడు.

మా బాపు, అంటే నాన్న, 1994లో ఖతార్ పోయాడు. దోహా ఆ దేశపు రాజధాని. కోరుట్ల నుంచి బస్సులో బొంబాయి, అక్కడి నుంచి విమానం. షట్టరింగ్ కార్పెంటర్‌గా, అంటే కాంక్రీటు పోయడానికి చెక్క అచ్చులు బిగించే పనిలో, తొమ్మిదేళ్లు పనిచేశాడు. రెండేళ్లకోసారి వచ్చేవాడు. మింక్ దుప్పట్లు, టైగర్ బామ్, టాంగ్ పొడి డబ్బాలు తెచ్చేవాడు. అమ్మ ఇంట్లో బీడీలు చుడుతూ మమ్మల్ని చదివించింది. గోడ గడియారం చూసి అందులోంచి రెండున్నర గంటలు తీసేసి, "ఇప్పుడు మీ బాపు క్యాంపుల అన్నం వండుకుంటుండు" అని చెప్పేది. ఆ ఊరు ఎట్లా ఉంటుందో మాత్రం ఆమె ఎన్నడూ చూడలేదు. బాపు చనిపోయి ఆరేళ్లయింది. ఆయన అక్కడ దిగిన ఫొటో ఒకటి మా ఇంట్లో ఉంది. వెనుక నీలి సిరాతో "16-2-1996, శుక్రవారం" అని రాసి ఉంటుంది. శుక్రవారమే వాళ్లకు సెలవు.

బయటికి వెళ్లాలంటే ముందుగా వీసా సంగతి తేల్చుకోవాలి. మన పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు ఖతార్‌లో దిగాక ఇమ్మిగ్రేషన్ దగ్గరే అనుమతి ఇచ్చే పద్ధతి ఉంది. పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు ఉండాలి, తర్వాతి విమానం టికెట్, హోటల్ బుకింగ్ చేతిలో ఉండాలి. ఈ నియమాలు మారుతుంటాయి కాబట్టి బయలుదేరే వారం ముందు మళ్లీ చూసుకోండి. హోటల్‌ను నేను ముందు రోజు రాత్రి నుంచే బుక్ చేశాను. ఒక రాత్రి డబ్బు ఎక్కువైంది కానీ, తెల్లారి ఏడింటికే అమ్మకు మంచం దొరికింది. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ఆ డబ్బు దగ్గర వెనకాడొద్దు. పెద్ద పెట్టెలు నేరుగా మాంచెస్టర్‌కే వెళ్లేలా ట్యాగ్ వేయించాం. శంషాబాద్ కౌంటర్ దగ్గర వరుసలో నిలబడ్డాక అమ్మ బీపీ మాత్రలు పెద్ద పెట్టెలోనే ఉన్నాయని గుర్తొచ్చి ఒక్క నిమిషం బాగా టెన్షన్ పడ్డాను. అక్కడే పెట్టె విప్పి మాత్రలు, స్వెటర్, ఒక జత బట్టలు చేతిసంచిలోకి మార్చాం. సకినాల డబ్బా అప్పటికే చేతిసంచిలో ఉంది.

ఉదయం ఆరింటికి దిగాం. బాపు దిగిన విమానాశ్రయం ఇది కాదు. ఈ హమద్ విమానాశ్రయం 2014లో మొదలైంది. ఇమ్మిగ్రేషన్ దాటి బయటికి వస్తే మెట్రో అక్కడే ఉంది. మామూలు టికెట్ 2 రియాళ్లు, రోజంతా తిరిగే పాస్ 6 రియాళ్లు. కుటుంబాల కోసం రైల్లో వేరే బోగీ ఉంటుంది, అందులో ఎక్కాం. రెడ్ లైన్‌లో ముషేరిబ్ దాకా వెళ్లి, అక్కడ గోల్డ్ లైన్ మారితే తర్వాతి స్టేషనే సూఖ్ వాఖిఫ్, అంటే పాత బజారు. రైలుకు డ్రైవర్ లేడని చెబితే అమ్మ నమ్మలేదు. ముందు అద్దం దాకా నడిచి వెళ్లి చూసి వచ్చింది.

హోటల్లో రెండు గంటలు నిద్రపోయి, స్నానం చేసి, పదింటికి బయటపడ్డాం. ఫిబ్రవరి కాబట్టి ఎండ హాయిగా ఉంది. బజారు పక్కనే సముద్రం, దాని ఒడ్డు వెంట నడిచే దారి. దాన్ని కార్నిష్ అంటారు. అక్కడే ఉంది మేము వెతుకుతున్న ముత్యపు చిప్ప. నోరు తెరిచిన పెద్ద చిప్ప, మధ్యలో ముత్యం, చుట్టూ నీళ్లు. చమురు దొరక్క ముందు ఈ ఊరివాళ్లు బతికింది సముద్రంలో మునిగి ముత్యాలు ఏరుకునే. ఆ గుర్తుగా కట్టారు.

అమ్మ సంచిలోంచి ఫొటో తీసింది. అంచులు పసుపుబారాయి. బాపు ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని, చేతులు వెనక్కి కట్టుకుని ఆ చిప్ప ముందు నిలబడి ఉంటాడు. భుజం వెనుక దూరంగా, నీళ్లకు అవతల, మెట్లమెట్లుగా గుడి గోపురంలాంటి కట్టడం ఒక్కటే కనిపిస్తుంది. అది షెరటన్ హోటల్, 1982లో కట్టింది. ఫొటోలో దాని పక్కన ఖాళీ ఆకాశం. ఇప్పుడు అటు చూస్తే మబ్బుల్ని తాకే అద్దాల భవనాలే. వాటి మధ్య గోపురాన్ని నేను పోల్చుకోలేకపోయాను. అమ్మే పట్టుకుంది. "ఇగో, గా కుడిదిక్కు చిన్నగ ఉన్నది సూడు" అంది. ఫొటోనూ అక్కడి ఒడ్డునూ మార్చి మార్చి చూసి, నాలుగడుగులు పక్కకు జరిగి, బాపు నిలబడ్డ చోట నిలబడింది. చేతులు వెనక్కి కట్టుకుంది. నేను కట్టుకోమని చెప్పలేదు.

మా మాటలు విని ఒక అబ్బాయి దగ్గరికి వచ్చాడు. "ఏ ఊరమ్మా మీది?" అని అడిగాడు. తనది మా కోరుట్ల పక్కన మెట్‌పల్లి దగ్గర. వచ్చి నాలుగేళ్లయిందట, డ్రైవర్ పని. ఫొటో చూపిస్తే చాలాసేపు పట్టుకుని చూశాడు. నా ఫోన్ తీసుకుని, మోకాళ్ల మీద కూర్చుని, పాత ఫొటోలోలాగే గోపురం భుజం వెనుకకు వచ్చేదాకా జరిగి జరిగి తీశాడు. తర్వాత మాకు కరక్ చాయ్ తాగించాడు. చిక్కటి పాలు, యాలకులు, బాగా మరిగిన డికాషన్. డబ్బులు ఇవ్వబోతే ఒప్పుకోలేదు. ఇంటికి రోజూ వీడియో కాల్ చేస్తానని, బిడ్డ నడక నేర్చుకున్నది ఫోన్‌లోనే చూశానని చెప్పాడు. మాకు క్యాసెట్లు వచ్చేవని అమ్మ చెప్పింది. బాపు మాట్లాడి నింపి పంపిన క్యాసెట్ ఊరికొచ్చేవాళ్ల చేతిలో నెలకు వచ్చేది. సకినాల డబ్బా తెరిచి, సగం అతని రుమాలులో కట్టి ఇచ్చింది. తమ్ముడి వాటా అది. వాడేమీ అనుకోడని నాకు తెలుసు.

అక్కడి నుంచి దగ్గరే ఇస్లామిక్ కళల మ్యూజియం. నీళ్లలో ప్రత్యేకంగా దీవి కట్టి దాని మీద నిలబెట్టారు. గీసిన వాస్తుశిల్పి ఐ.ఎం. పే. 2008లో అది తెరిచేనాటికి ఆయనకు 91 ఏళ్లు. కైరోలోని ఇబ్న్ తులూన్ మసీదు ఆవరణలో ఉన్న కాళ్లు చేతులు కడుక్కునే మండపం చూసి ఈ రూపం తట్టిందట. లోపల ఉన్నవన్నీ చూడాలంటే ఒక రోజు చాలదు. మేము ఎక్కువసేపు ఆగింది ఒక్కదాని దగ్గరే. అరచేతిలో పట్టేంత జేడ్ రాతి పతకం, మీద ఖురాన్ వాక్యాలు చెక్కి ఉన్నాయి. షాజహాన్‌ది, 1631-32 నాటిది. ముంతాజ్ చనిపోయింది 1631లో. గుండెదడ తగ్గాలని ఇట్లాంటివి మెడలో, గుండె మీద ఆనేలా కట్టుకునేవారు. చదివి చెబితే అమ్మ "తగ్గిందా మరి?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. వెనుక జనం వచ్చేదాకా అక్కడే నిలబడింది.

డేగల బజారు ఉందని, అక్కడే వాటికి ఆసుపత్రి కూడా ఉందని విన్నాను. కానీ మధ్యాహ్నం బజారు సగం మూసేస్తారు, అమ్మ మోకాళ్లు కూడా నొప్పి అన్నాయి. వదిలేసి గదికి వచ్చి పడుకున్నాం. మూడున్నరకు బయలుదేరి నాలుగున్నరకల్లా విమానాశ్రయం లోపల ఉన్నాం. రాత్రి ఏడింటి విమానానికి అంత ముందు ఎందుకు అనుకోవచ్చు. బయటికి వెళ్లినవాళ్లు మళ్లీ ఇమ్మిగ్రేషన్, మళ్లీ తనిఖీ దాటాలి. లోపల 7 మీటర్ల పసుపు ఎలుగుబంటి బొమ్మ, గాజు కప్పు కింద పెంచిన తోట ఉన్నాయి. బయటికి వెళ్లే వీలు లేనివాళ్లకు కాళ్లు చాపుకుని పడుకునే నిశ్శబ్ద గదులు కూడా ఉన్నాయి.

గేటు దగ్గర అమ్మ తన చేతి గడియారం చూసుకుంది. దాన్ని ఆమె మన టైమ్ నుంచి మార్చలేదు. చూసి, పెదాలు కదుపుతూ రెండున్నర తీసేసింది.

మాంచెస్టర్ చేరిన మూడో రోజు కొత్త ఫొటో ప్రింట్ తీయించమంది. తెచ్చి ఇస్తే తిరగేసి, పెన్ను నాకిచ్చి, వెనుక తేదీ రాయమంది. 18-2-2024 అని రాశాను. "వారం కూడా రాయి" అంది. పక్కన ఆదివారం అని రాశాను.