కొమ్ముల ఆంటెనా, ఊరి చెరువు

2004లో నేను ఒహాయోలోని కొలంబస్‌లో కాంట్రాక్టు మీద సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేవాణ్ణి. దేవరకొండ దగ్గర మా ఊళ్లో చెల్లె పెళ్లికి చేసిన అప్పు ఇంకా తీరలేదు, అందుకే నలుగురం ఒకే అపార్ట్‌మెంట్‌లో సర్దుకున్నాం, కేబుల్ పెట్టించుకునే ఆలోచనే లేదు. టీవీ మీద కొమ్ముల ఆంటెనా పెట్టి కిటికీ వైపు తిప్పితే నాలుగైదు ఛానళ్లు ఉచితంగా వచ్చేవి.

ఏప్రిల్ 30 రాత్రి ఏబీసీ అనే టీవీ నెట్‌వర్క్ వాళ్ల 'నైట్‌లైన్' వార్తా కార్యక్రమంలో ఇరాక్‌లో చనిపోయిన 700 మందికి పైగా అమెరికా సైనికుల పేర్లు చదివారు. మా టీవీలో రాలేదు. సిగ్నల్ సమస్యేమో అని ఆంటెనా తిప్పుతూ కూర్చున్నాం. కొలంబస్‌లో ఏబీసీ కార్యక్రమాలు వేసే స్టేషన్ సింక్లెయిర్ అనే కంపెనీది, ఆ కార్యక్రమం వెనక రాజకీయం ఉందని తన ఏబీసీ స్టేషన్లలో ఆపేసిందట. సోమవారం ఆఫీసులో నా పక్క సీటావిడ, తమ్ముడు ఇరాక్‌లో ఉన్న మనిషి, "చనిపోయినవాళ్ల పేర్లు చదివితే కూడా రాజకీయమేనా?" అని అడిగింది. నాకు ఏం చెప్పాలో తెలియలేదు.

అక్టోబర్‌లో అదే కంపెనీ, అధ్యక్ష ఎన్నికల పోలింగ్ ఇంకో మూడు వారాలు కూడా లేదనగా, డెమొక్రాటిక్ పార్టీ అభ్యర్థి జాన్ కెర్రీకి వ్యతిరేకంగా తీసిన డాక్యుమెంటరీని తన 62 స్టేషన్లలో వేయాలని చూసింది. అది తప్పని బయటికి చెప్పిన సొంత విలేకరిని ఉద్యోగంలోంచి తీసేశారు. ప్రకటనలిచ్చేవాళ్లు వెనక్కి తగ్గి, షేరు ధర పడిపోయాకే వెనకడుగు వేసి, 22న వేరే రూపంలో కార్యక్రమం వేశారు. వివాదాస్పద విషయాల్లో రెండు వైపులా చూపాలనే నియమం అమెరికాలో 1949 నుంచి ఉండేది, 1987లో ఎత్తేశారు. అభ్యర్థులకు సమాన సమయం ఇవ్వాలనే చట్టం ఉంది కానీ వార్తలకు అది వర్తించదు.

ఆ నెలలో ఒకరోజు మధ్యాహ్నం భోజనం మానేసి, ఆ పక్క సీటావిడతో కలిసి ఊళ్లోని ఒక స్టేషన్‌కు వెళ్లాను. ఏ పార్టీ ప్రకటనలకు ఎంత కట్టిందో రాసిన ఫైలును అప్పట్లో స్టేషన్‌లో అడిగితే ఎవరికైనా చూపించాల్సి ఉండేది. ఓటు లేని నాకు కూడా తెచ్చి టేబుల్ మీద పెట్టారు. గంటసేపు పేజీలు తిప్పాం. ఆ గంట నేను ఇప్పటికీ మరచిపోలేదు.

కాలింగ్ కార్డు మీద ఫోన్ చేసి, ఛానల్ నడిచేది అందరి గాలి తరంగాల మీదేనని కూడా కలిపి నాయినకు ఇదంతా చెప్తే ఒక్క మాటలో తేల్చేశాడు: "గాలి అందరిదైతే ఛానలోడు నీరటి లెక్కనే గదా." నీరటి అంటే తూము తీసి వంతు ప్రకారం అందరి మళ్లకూ నీళ్లు వదిలేవాడు. చెరువు వాడిది కాదు. తనవాళ్ల మడికే నీళ్లు మళ్లిస్తే ఊరు ఒప్పుకునేది కాదు.

2023 నవంబర్‌లో మన తెలంగాణ అసెంబ్లీ ఎన్నికలప్పుడు, ఇక్కడ డ్యూటీ అయ్యాక ఫోన్‌లో తెలుగు ఛానళ్లు పెట్టేవాణ్ణి. ఒకే సభ, ఒక దాంట్లో కిక్కిరిసిన జనం, ఇంకో దాంట్లో ఖాళీ కుర్చీలు. "ఏ ఛానల్ ఎవలదో అందరికీ ఎరికే" అన్నాడు నాయిన ఈసారి. ఆ మాట నాకు నచ్చలేదు, గట్టిగానే వాదించాను. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని మన సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. టీవీలో వేసే పార్టీ ప్రకటనలకు ముందే అనుమతి తీసుకోవాలని 2004 ఏప్రిల్‌లో చెప్పింది. మరి ప్రకటనను మించి ఒక పార్టీని మోసే వార్తను ఆపేదెవరు? అందరికీ తెలుసు కదా అని వదిలేస్తే, తెలియనివాళ్ల సంగతేంటి?

అమ్మ సీరియల్ వచ్చే ఛానల్ తప్ప ఇంకోటి పెట్టదు. సీరియల్‌కు ముందూ వెనకా ఆ ఛానల్ వార్తలే వింటుంది. పోలింగ్‌కు రెండు రోజుల ముందు ఫోన్‌లో మా నియోజకవర్గం అభ్యర్థి ఒకాయన పేరు చెప్పి, "ఆయన పని అయిపోయిందంట గదా కొడుకా" అంది. ఆయన మాట్లాడగా ఎప్పుడైనా విన్నావా అమ్మా అని అడిగాను. "ఏడ చూపిస్తరు?" అంది.