మందులతో పాటే ప్రాణాయామం

ఆందోళన ముదిరినప్పుడు కళ్లు మూసుకుని ధ్యానం చేయమంటారు అందరూ. నాకైతే కళ్లు మూయగానే ఆలోచనలు మరింత ముసురుకునేవి. మేలు చేసింది భ్రామరి ప్రాణాయామం. ముక్కుతో గాలి పీల్చి, తుమ్మెదలా ఝుమ్మని నాదం చేస్తూ నెమ్మదిగా వదలడమే. నిశ్వాసం పొడవుగా సాగితే మెదడు నుంచి గుండెకు సాగే వేగస్ నాడి ప్రభావంతో గుండె వేగం తగ్గుతుంది. ఛాతీలో దడ సద్దుమణగడం నాకు స్పష్టంగా తెలిసేది. ధ్యానం ఆ తరువాతే కుదిరింది, అదీ కళ్లు తెరిచి, నడుస్తూ.

దిగులు కమ్మిన ఉదయాల్లో మంచం దిగడమే గగనం. అప్పుడు నన్ను నిలబెట్టింది డాక్టర్ రాసిన మందులే. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లోనూ యోగాను చికిత్సకు తోడుగానే వాడతారు. యోగా ఉండగా మాత్రలెందుకని దయచేసి ఎవరికీ చెప్పకండి. మాట్లాడే మనిషి కావాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనూ మాట్లాడతారు.