మమ్మీ జుట్టులో కొకెయిన్

ఆదివారం. పొద్దున్నించీ ముసురే, దండెం మీద బట్టలు దండెం మీదే. పప్పుచారు కాస్తుంటే మేనల్లుడు ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. "అత్తా, కొలంబస్ కంటే ముందే ఈజిప్టువాళ్ళు అమెరికా వెళ్ళొచ్చారట. ప్రూఫ్ కూడా ఉందట!" ల్యాబ్‌లో పనిచేసేదాన్ని, ప్రూఫ్ అంటే ఊరుకోబుద్ధి కాదు. స్టవ్ తగ్గించి కూర్చున్నాను.

వాడి వీడియోలో సగం చెత్త. గ్రాండ్ కాన్యన్ గుహలో ఈజిప్టు మమ్మీలు దొరికాయన్నది 1909లో అరిజోనాలో ఒక పత్రిక వేసిన కథ. ఆ గుహను మళ్ళీ చూసినవాళ్ళు లేరు. అది తీసేయమన్నాను.

మిగతా సగం మాత్రం గట్టిదే. 1992లో స్వెత్లానా బలబనోవా అనే జర్మనీ టాక్సికాలజిస్టు (విషాలు, మందుల ఆనవాళ్ళు పట్టే నిపుణురాలు), మ్యూనిక్ మ్యూజియంలోని మమ్మీల జుట్టు, ఎముకలు పరీక్షించింది. వాటిలో ఒకటి క్రీ.పూ. 1000 ప్రాంతపు హెనుత్ తావి అనే స్త్రీది. గంజాయి ఆనవాళ్ళతో పాటు నికోటిన్, కొకెయిన్ కూడా కనబడ్డాయి. గంజాయి సరే, అది ఇటువైపు మొక్కే. నికోటిన్ ఉండే పొగాకు, కొకెయిన్ తీసే కోకా మొక్క మాత్రం అమెరికా ఖండాలవి. పాపం, బలబనోవాని చాలామంది దులిపేశారు. నాకైతే ఆవిడ మీద గౌరవమే. వచ్చిన రిజల్టుని వచ్చినట్టు రాసింది.

నికోటిన్ సంగతి నాకు పెద్ద వింతగా లేదు. పాత మ్యూజియంలలో పురుగులు పట్టకుండా నికోటిన్ మందు వాడేవాళ్ళు. ఈజిప్టు రాజు రెండో రామెసెస్ మమ్మీని 1976లో పారిస్ తీసుకెళ్ళినప్పుడు లోపల పొగాకు తునకలు దొరికాయి. కానీ ఆ మమ్మీ కట్లు విప్పింది 1886లో. అప్పటి దొరల్లో నోట్లో పైపు లేనివాడు ఎంతమంది? మా ల్యాబ్‌లో అయితే అలాంటి శాంపిల్‌ని రిజెక్ట్ చేసి మళ్ళీ పంపమంటాం. అదే రామెసెస్ ముక్కులో మిరియాలు కూడా ఉన్నాయి. వాటి మీద ఈ గొడవ లేదు, మిరియం మలబారు తీరానిది. అంత దూరం నుంచి సరుకు చేరడం నిజమే, అయితే అది మనవైపు సముద్రం మీదుగా, అమెరికా వైపు నుంచి కాదు.

కొకెయినే చిక్కు. దాన్ని పురుగుల మందుగా చల్లరు కదా! మాంచెస్టర్ మ్యూజియంలో మమ్మీల పరిశోధకురాలు రోజలీ డేవిడ్ తమ మమ్మీలను పరీక్షింపజేస్తే నికోటిన్ జాడ వచ్చింది, కొకెయిన్ రాలేదు. కోకా జాతి చెట్లు ఆఫ్రికాలోనూ ఉన్నాయి, ఒక రకం మన తూర్పు కనుమల ఎండు అడవుల్లో కూడా పెరుగుతుంది. అలాంటిదేదో వాడారా? చెప్పగలిగే ఆధారం లేదు.

"మరి పడవ?" అన్నాడు వాడు. నార్వే సాహసయాత్రికుడు థోర్ హెయర్‌డాల్ 1970లో పాపిరస్ పడవ మీద మొరాకో నుంచి బార్బడోస్ దాకా 57 రోజుల్లో వెళ్ళాడు. వెళ్ళడం సాధ్యమని తేలింది, వెళ్ళారని కాదురా అన్నాను. నిజంగా వెళ్ళినవాళ్ళ గుర్తులు ఎలా ఉంటాయో కెనడాలోని లాన్సో మెడోస్‌లో చూడొచ్చు. నార్స్‌వాళ్ళ (వైకింగుల) ఇళ్ళ పునాదులు, ఇనుప మేకు, లోహపు పనిముట్టుతో నరికిన చెక్క. ఆ చెక్కలో ఏటికొకటి పడే వలయాల్లో, ఏ ఏడు వచ్చిందో తెలిసిన ఒక సౌర తుఫాను జాడ పట్టుకుని, అక్కణ్ణించి వలయాలు లెక్కపెట్టి, చెట్టు నరికింది 1021లో అని 2021లో లెక్క తేల్చారు. ఈజిప్టు తవ్వకాల్లో అలాంటి గుర్తు, అమెరికా పంటైన మొక్కజొన్న గింజ ఒక్కటి చూపించండి, ఒప్పుకుంటాను.

వాడు తగ్గలేదు. "నీ చేతికిస్తే ఏం చేస్తావు?"

జుట్టుని మూడు ముక్కలు చేసి, ఎవరిదో చెప్పకుండా మూడు ల్యాబులకు పంపుతానన్నాను. పక్కనే మామూలు జుట్టు కూడా పెడతాను.

"మూడింట్లోనూ కొకెయిన్ వస్తే?"

వస్తే, ముందు ఆఫ్రికా చెట్లన్నీ వెతికిస్తాను. పడవ సంగతి ఆ తర్వాత. వాడికి నచ్చలేదు, పడవే ముందు కావాలంటాడు. ఈలోపు చారు పొంగింది.