మిషన్ పీక్ మీద ఆవ చేను

ఆదివారం పొద్దున్నే అమ్మని కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో మా ఇళ్ల వెనకే ఉన్న మిషన్ పీక్ కొండకి తీసుకెళ్లాను. శిఖరం 2,517 అడుగులు. ఆ మోకాళ్లతో అంత ఎక్కదని తెలుసు, కింద పచ్చిక వాలైనా చూపిద్దామని.

మబ్బు పట్టింది. కాలిఫోర్నియా పాపీ పూలన్నీ మూసిన గొడుగుల్లా ముడుచుకుని ఉన్నాయి. "వీటి కోసమా ఇంత పొద్దున్నే లేపావు?" అంది. 1903 నుంచీ రాష్ట్ర పుష్పమే గానీ, ఎండ పడితేనే విచ్చుకుంటుంది మరి.

పక్కన నడుమెత్తు పసుప్పచ్చ పూలు చూసి మాత్రం ఆగిపోయింది. "ఒరేయ్, ఇవి ఆవాలురా!" నిజంగా ఆవ మొక్కలే. బయటి నుంచి వచ్చి స్థానిక మొక్కల చోటు ఆక్రమించిన కలుపు. ఆకు కొయ్యబోతే చెయ్యి పట్టుకుని ఆపాను, పార్కులో ఏదీ కొయ్యకూడదని.

నాకు ఇష్టమైనవి నేల ఉడుతలు. ఇవి ర్యాటిల్‌స్నేక్ వదిలిన కుబుసాన్ని నమిలి ఒంటికి పూసుకుంటాయి, పాము వాసన రావాలని! పాము ఎదురుపడితే తోక ఊపి బెదిరిస్తాయి. పెద్ద ఉడుతలకి దాని విషాన్ని కొంత తట్టుకునే శక్తి కూడా ఉంది. ఇదంతా చెప్తుంటే అమ్మ చెవిన పడింది ఒక్కటే. "ఇక్కడ పాములున్నాయా?"

ఇక వెనక్కే. దారిలో ఆవులు మేస్తున్నాయి. వేసవిలో ఎండుగడ్డి అంటుకోకుండా ఈ మేత సాయపడుతుంది. వానలు చలికాలంలోనే కాబట్టి, ఇంకో రెండు నెలల్లో ఈ పచ్చదనమంతా గోధుమరంగే.

కారెక్కబోతుంటే ఎండ వచ్చింది. అమ్మ విప్పిన చెప్పులు మళ్లీ తొడుక్కుంది, పూలు విచ్చుకుంటాయని.